జీపు దిగని సారుకు పువ్వు చాయ్

మన తండా,
చివ్వెంల దగ్గర.
20 నవంబర్ 1993

మేనకోడలు నీలాకు మామ బాల్యా దీవెనలు. ఇక్కడ అందరం బాగున్నాం, రోడ్డు ఒక్కటే బాగాలేదు. నువ్వు మిర్యాలగూడలో దవాఖాన డ్యూటీని, హాస్టల్ తిండిని రెండింటినీ తట్టుకుంటున్నావనుకుంటాను.

అసలు సంగతికి వస్తాను. మన తండాకు బస్సు వేయమని మూడేళ్ళుగా దరఖాస్తులు పెడుతున్నానా? డిపో సారు మూడుసార్లు వచ్చాడు. మూడుసార్లూ జీపు దిగలేదు. ఇంజను కూడా ఆపలేదు. చాయ్ తాగమంటే "టైం లేదండీ" అన్నాడు. "జనం లేరు" అని కాగితం మీద రాసుకొని పోయాడు. నాలుగింటికి వస్తే జనం ఎక్కడుంటారు? పెద్దలు చేలల్లో, పిల్లలు బళ్ళో. ఆయన చూసింది నన్ను, మీ అత్తను, రెండు మేకలను.

డిసెంబర్ 17న నాలుగోసారి వస్తాడట. ఇదే ఆఖరి మోకా. నా కొడుకని చెప్పడం కాదు గానీ ధన్‌సింగ్‌ది మహా మొండితనం. తొమ్మిదో క్లాసు చదివే తన బిడ్డ తారా చివ్వెంల హైస్కూలుకు రోజూ రానుపోను తొమ్మిది కిలోమీటర్లు నడుస్తోందని వాడికి బెంగ. "డిసెంబర్ దాక సూస్త. బస్సు రాకుంటే బడి బంద్" అని తేల్చి చెప్పాడు. వాడి భయం వాడిది, నా పట్టు నాది. నా మనవరాలి చదువు ఆగడానికి వీల్లేదు.

నువ్వు రోజూ ఆఫీసర్లను చూస్తావు. ఆఫీసరు అన్నవాడు జీపు దిగి పది నిమిషాలు కూర్చోవాలంటే ఏం చేయాలో రాయి. కూర్చుంటే చాలు, మిగతాది నేను చెప్పుకుంటాను.

మీ మామ,
బాల్యా

తా.క.: జీపుకు అడ్డం పడుకోవడమే దారి అంటోంది మీ అత్త జమున. పడుకోవాల్సింది నేనట.

*

మిర్యాలగూడ,
25 నవంబర్

మామకు, అత్తకు నీలా దండాలు. నేను బాగున్నాను. హాస్టల్ సాంబారు ఇంకా గెలుస్తూనే ఉంది.

మామా, నువ్వు పడుకోవద్దు. నా దగ్గర మంచి ఉపాయం ఉంది. మా డాక్టరమ్మకు వాళ్ళక్క సింగపూర్ నుంచి ఒక రకం చాయ్ తెచ్చి ఇచ్చింది. చాయ్ ఆకులను, ఎండిన పువ్వును కలిపి దారంతో కుట్టి నిమ్మకాయంత ఉండ చేస్తారు. దాన్ని వేడి నీళ్ళలో వేస్తే మెల్లమెల్లగా ఆకులు విచ్చుకొని, మధ్యలో నుంచి పువ్వు లేచి నిలబడుతుంది. కళ్ళు తిప్పుకోలేం. పోయిన నెల మా దవాఖాన తనిఖీకి వచ్చిన ఆఫీసరు రెండు నిమిషాలలో పోతానన్నవాడు, దాని ముందర పావుగంట కూర్చున్నాడు. తనిఖీ సంగతే మరచిపోయాడు.

డాక్టరమ్మను బతిమాలి నాలుగు ఉండలు తీసుకున్నాను. మా కాంపౌండర్ యాదయ్య 29న సూర్యాపేట వస్తున్నాడు, అతని చేతికి పెట్టె ఇచ్చాను. సారు జీపులో ఉండగానే చాయ్ మొదలుపెట్టండి. దిగకుండా ఉండలేడు.

మీ
నీలా

తా.క.: ఒకటి ముందుగా చేసి చూసుకోండి. మిగతావి జాగ్రత్త. మళ్ళీ దొరకవు.

*

తండా,
1 డిసెంబర్

బిడ్డా నీలాకు మామ రాసేది. క్షేమం గురించి ఈ ఉత్తరం చివరన అడుగు.

నీ ఉత్తరం నిన్న వచ్చింది. నీ పెట్టె మొన్ననే వచ్చింది. అక్కడే వచ్చింది చిక్కు. యాదయ్య వచ్చినప్పుడు ఇంట్లో ఎవరూ లేరట. పెట్టెను గడప పక్కన పెట్టి, చివ్వెంలలో బస్సు అందుకోవాలని పోయాడు. మీ అత్త వచ్చి తెరిచి చూసింది. ఆకుల ఉండ, చుట్టూ దారం, లోపల ఎండు పువ్వు! గడప దగ్గర! ఇంకేముంది, చేతబడి అనుకొని, పొయ్యి దగ్గరి పట్టకారుతో పట్టుకొని, దిష్టి తీసే సాలి ముసలమ్మ దగ్గరికి పోయింది. సాలి చూసి "ఎవలో గిట్టనోళ్ళు పెట్టిండ్రు. అగ్గిల ఏయుండ్రి" అంది. ఒకటి వేశారు. వాసన ఎంత కమ్మగా వచ్చిందంటే, సాలి "ఇంకోటి గూడ ఏసి సూద్దాం" అందట.

నేను ఆ సమయానికి వచ్చాను. బస్సు తమ ఊరికే రావాలని, మనకు రాకుండా చేయాలని కింది ఊరి లచ్చయ్యే పెట్టించాడని మీ అత్త గట్టిగా అంది. నాకూ నిజమే అనిపించింది. పోయి లచ్చయ్యను నడి బజార్లో నానా మాటలూ అన్నాను. ఆ మరునాడు నీ ఉత్తరం వచ్చింది.

తప్పయింది అనడానికి లచ్చయ్యను ఇంటికి పిలిచాను. "నన్ను తిట్టించిన చాయ్ నాకే పొయ్యాలె" అన్నాడు. న్యాయమే. మీ అత్త మంచిగా మన బర్రె పాలు పోసి, చక్కెర వేసి, అల్లం దంచి, ఉండ వేసి మూడు పొంగులు రానిచ్చి, గుడ్డతో వడకట్టి స్టీలు గ్లాసులో ఇచ్చింది. లచ్చయ్య గ్లాసులోకి పావుగంట చూశాడు. పువ్వు రాలేదు. పిప్పిలో వెతికితే తడిసిన దారం దొరికింది.

సింగపూర్ వాళ్ళు మీ డాక్టరమ్మను మోసం చేసినట్టున్నారు. జర కనుక్కో.

మామ
బాల్యా

తా.క.: చాయ్ మాత్రం బాగుంది. లచ్చయ్య రెండోసారి అడిగాడు.

*

మిర్యాలగూడ,
5 డిసెంబర్

మామకు నీలా దండాలు. ఉత్తరం డ్యూటీలో చదివాను. పక్క బెడ్డు పేషంటు నా ముఖం చూసి తన రిపోర్టే వచ్చిందేమోనని భయపడ్డాడు.

ఎవరూ ఎవరినీ మోసం చేయలేదు. పాలు పోయవద్దు. చక్కెర వద్దు. అల్లం వద్దు. పొయ్యి మీద మరిగించవద్దు. వడకట్టవద్దు. పాలల్లో పువ్వు ఎట్లా కనబడుతుంది మామా? స్టీలు గ్లాసులో ఎట్లా కనబడుతుంది? గాజు గ్లాసు కొనండి. పెద్దది. అందులో ఉండ వేసి, పొంగిన నీళ్ళు పోసి, చేతులు కట్టుకొని కూర్చోండి. అంతే పని.

ఇక రెండే ఉన్నాయి. సారు రావడానికి పన్నెండు రోజులుంది. తారా బడి దీని మీద ఉందని అత్తకు మళ్ళీ చెప్పు.

మీ
నీలా

తా.క.: లచ్చయ్య మామకు నా తరఫున దండం పెట్టు. నీ తరఫున రెండు పెట్టు.

*

తండా,
10 డిసెంబర్

నీలాకు మామ దీవెనలు. ముందు శుభవార్త. పువ్వు విచ్చుకుంది!

వేములపల్లిలో పెళ్ళికి పోయి వస్తూ సూర్యాపేటలో దిగి గాజు గ్లాసు కొన్నాను. నువ్వు చెప్పిన సంగతి విని మీ అత్త చాలా బాధపడింది. "ఇంటికొచ్చిన సారుకు పాలు లేని చాయ్ పోస్తమా? ఆరు బర్రెలు పెట్టుకొని? లోకం ఏమంటది?" అని పొద్దంతా ముఖం ముడుచుకుంది. తారా చదువు అన్నాక ఒప్పుకుంది.

తండా మొత్తం వచ్చింది. ఉండ వేశాను, నీళ్ళు పోశాను. గ్లాసు ఠప్పున పగిలింది. నీళ్ళన్నీ అలికిన నేల మీద పారాయి. అయ్యో అనుకుంటుండగానే ఆ నీళ్ళ మడుగులో ఉండ మెల్లగా కదిలింది. ఒక ఆకు, ఇంకో ఆకు, చివరికి ఎర్రటి పువ్వు! నేల మీద! అందరం చుట్టూ గొంతుక్కూర్చొని చూశాం. పక్కింటి పిల్లాడు దీప్లా చప్పట్లు కొట్టాడు. ధన్‌సింగ్ కూడా వంగి చూశాడు, నేను చూస్తున్నానని తెలిసి లేచిపోయాడు. బిడ్డా, ఇది సారు చూస్తే చాలు, జీపు సంగతి మరచిపోతాడు. నాకు ధైర్యం వచ్చింది.

ఇంకొక నాలుగు పంపు. వెంటనే పంపు.

మామ
బాల్యా

తా.క.: ఇంకొకటి ఉంది కదా అంటావేమో. ఆ కుట్టు ఎట్లా వేశారో చూస్తానని మీ అత్త సూదితో దారమంతా విప్పేసింది. ఆకులు ఒక పళ్ళెంలో, పువ్వు ఒక పళ్ళెంలో ఉన్నాయి.

*

మిర్యాలగూడ,
13 డిసెంబర్

మామా, నా దగ్గర ఇంక ఒక్కటి కూడా లేదు. డాక్టరమ్మ పెట్టె ఖాళీ చేసి చూపించింది. సింగపూర్ అక్క మళ్ళీ వచ్చేది ఎండాకాలంలో.

ఇది రాస్తుంటే ఏడుపొస్తోంది. తారా నాలాగా బయటికి రావాలని నాకూ ఉంది. నేనూ అదే దారిలో నడిచే చదివాను, ఆ దారి ఎట్లాంటిదో నాకు తెలుసు. అయినా పువ్వు లేకపోతే లేదు. నువ్వు సారు జీపు ముందర నిలబడి, సూటిగా చెప్పు. ఎంతమంది పిల్లలు నడుస్తున్నారో పేర్లతో సహా చెప్పు. వినకపోతే మళ్ళీ చెప్పు.

నీ
నీలా

తా.క.: గాజు గ్లాసులో ముందు స్పూన్ వేసి నీళ్ళు పోస్తే పగలదు. ఇప్పుడు చెప్పి ఏం లాభం.
ఇంకో తా.క.: అత్త సూది పట్టుకొని ఏం చేస్తోంది? ఏమీ చేయవద్దని చెప్పు.

*

తండా,
24 డిసెంబర్

బిడ్డా నీలాకు మామ బాల్యా, అత్త జమున, ధన్‌సింగ్, తారా, తండా మొత్తం రాసేది.

నీ ఉత్తరం అందేసరికే మీ అత్త పని అయిపోయింది. ఆ రెండు పళ్ళేల్లోని ఆకులనూ పువ్వునూ తిరిగి ఉండ చేసి, తన లంగాకు అద్దాలు కుట్టే సూదితో కుట్టేసింది. "ఇప్పిందానికి కుట్టుడు రాదా?" అంది.

17న సరిగ్గా నాలుగుంపావుకు జీపు వచ్చింది. ఇంజను ఆగలేదు. "టైం లేదండీ" అన్నాడు సారు. మీ అత్త కొత్త గాజు గ్లాసు, అందులో స్పూను, పక్కన ఉండ పట్టుకొని జీపు పక్కకే పోయింది. "సారూ, గీ చాయ్‌ల పువ్వు పూస్తది. ఐదు నిమిషాలే" అంది. "చాయ్‌లో పువ్వేంటమ్మా?" అన్నాడు సారు. ఆయనది కోదాడ వైపు, మాట అట్లాగే ఉంటుంది. ఇంజను ఆపించాడు. దిగాడు. మూడేళ్ళలో మొదటిసారి ఆయన కాళ్ళు చూశాను.

వేపచెట్టు కింద కుర్చీ వేశాం. నీళ్ళు పోశాం. గ్లాసు పగలలేదు. ఐదు నిమిషాలు చూశాం. ఉండ ఉండలాగే ఉంది. పది నిమిషాలయింది. ఉండ ఒకసారి పక్కకు దొర్లింది. "నీళ్ళు వేడి చాల్లేదండీ" అన్నాడు సారు. మళ్ళీ కాచాం. అరగంటకు ఒక ఆకు కొన లేచింది. "అదిగో!" అని కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. అంతే, ఇంకేమీ లేదు. నేను చెప్పాలనుకున్నదంతా చెబుతూనే ఉన్నాను, ఆయన చూపంతా గ్లాసు మీదే. డ్రైవరు టైం గుర్తు చేస్తే "ఉండవయ్యా, ఇది విచ్చుకునేదాకా నేను కదలను" అని కసిరాడు.

ఐదుంపావుకు పిల్లలు వచ్చారు. ముందర మన తారా, చెప్పు తెగితే చేతిలో పట్టుకొని. వెనక సంచులు మోసుకుంటూ మిగతావాళ్ళు. సారు తలెత్తి చూశాడు. చూస్తుంటే వస్తూనే ఉన్నారు. లేచి నిలబడి లెక్కపెట్టాడు. నలభై మూడు. "వీళ్ళంతా ఎక్కడి నుంచి వస్తున్నారు?" అని అడిగాడు.

"చివ్వెంల నుంచి సారూ" అంది తారా.

"రోజూనా? ఏ క్లాసమ్మా నువ్వు?"

"తొమ్మిది. ఈ నెల దాకనే."

"అదేంటి, ఈ నెల దాకా?"

తారా వాళ్ళ నాయన వైపు చూసింది. ధన్‌సింగ్ నేల చూపులు చూశాడు. సారు జీపులోంచి ఫైలు తెప్పించి, "జనం లేరు" అన్న కాగితం నా ముందే కొట్టేశాడు. గ్లాసులో చల్లారిన నీళ్ళు గడగడా తాగి, "బాగుందమ్మా" అని చెప్పి పోయాడు. ఉండ గ్లాసు అడుగున అట్లాగే ఉంది.

ఇవాళ ఆర్డరు కాగితం వచ్చింది. జనవరి 3 నుంచి పొద్దున ఎనిమిదిన్నరకు, సాయంత్రం నాలుగున్నరకు బస్సు. ధన్‌సింగ్ కాగితం రెండుసార్లు చదివించుకొని, సైకిలెక్కి సూర్యాపేట పోయి తారాకు కొత్త చెప్పులు తెచ్చాడు.

నీ మామ
బాల్యా

తా.క.: ఇంత మంచి కుట్టు తెలిసిన మనిషివి, పువ్వు విచ్చుకోకుండా ఎట్లా చెడగొట్టావని మీ అత్తను అడిగాను. నన్ను పైనుంచి కిందికి చూసి ఇట్లా అంది: "ఐదు నిమిషాలకు పువ్వు పూస్తే, ఐదు నిమిషాలకే సారు పోతడు. పిల్లలు వచ్చేది ఐదుంపావుకు. గందుకే గంట దాక ఊడకుండ మూడు పేటల దారం పెట్టి కుట్టిన." మూడేళ్ళు దరఖాస్తులు రాసింది నేను, నీలా. మొదటి రోజే మీ అత్తను అడిగి ఉండాల్సింది.