లాబీ అక్వేరియంలో తెల్లచుక్కలు

ఫర్వర్దీన్ 14

నిన్న చేసిన పని ఎవరికీ చెప్పుకోలేను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

కొత్త ఏడాది పండుగ పదమూడో రోజు ఇంట్లో ఉంటే అరిష్టమని బిల్డింగ్ మొత్తం తాళాలేసుకుని తోటలకు పోయింది. మిగిలింది నేను, నా మోకాలినొప్పి, గాజుగిన్నెలో ఎర్రచేప. పండుగ బల్ల మీద పెట్టుకోవడానికి ఆ చేపల్ని కొనొద్దని పదకొండేళ్లుగా ఎనిమిది ఇళ్లవాళ్లనూ చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. మురికి తొట్లలో పెరుగుతాయి, పండుగ కాగానే ఏ కొలనులోనో వదిలేస్తారు, ఉన్న చేపలన్నిటికీ జబ్బు పంచుతాయి అని. ముప్ఫై ఒక్క ఏళ్లు బయాలజీ చెప్పినదాన్ని, ఊరుకుంటానా. ఈ ఏడు నేనే కొన్నాను. నల్ల కవర్‌లో దాచుకుని తెచ్చాను. అక్క పోయాక ఇది మొదటి పండుగ. బల్ల మీద కదిలేది ఒక్కటైనా ఉండాలనిపించింది.

నిన్న మధ్యాహ్నం అది నీటి పైకి వచ్చి నోరు తెరుస్తూ మూస్తూ ఉంది. జాలేసింది. కిందికి తీసుకెళ్లి లాబీలో ఉన్న మా అందరి అక్వేరియంలో వదిలాను. మూడు వందల లీటర్ల నీళ్లు. ఒక్క పూట ఈత కొట్టుకోనీ అనుకున్నాను. కొత్త చేపను నాలుగు వారాలు క్వారంటైన్‌లో పెట్టనిదే ఆ నీళ్లు తాకనివ్వకూడదని రూల్ పెట్టింది నేనే. కార్లు తిరిగొచ్చేలోపు వలతో పట్టి పైకి తెచ్చేశాను.

తోక దగ్గర ఉప్పురవ్వంత తెల్లచుక్క కనిపించింది. గాలిబుడగ అనుకున్నాను. లేదు, అనుకోలేదు. అనుకున్నట్టు నటించాను.

ఫర్వర్దీన్ 16

ఏమీ లేదు. చేపలన్నీ బాగా తిన్నాయి. అనవసరంగా బెంగపడ్డాను.

ఫర్వర్దీన్ 19, ఉదయం 8

సఖీదాద్ బెల్ కొట్టాడు. మా వాచ్‌మన్. అఫ్గాన్ మనిషి, తొమ్మిదేళ్లుగా ఇక్కడే, పార్కింగ్ వెనక గదిలో భార్య గుల్‌చెహ్రాతో ఉంటాడు. ఖానుమ్, చేపల మీద ఎవరో పంచదార చల్లినట్టుంది, ఒక్కసారి కిందికి రండి అన్నాడు.

మెట్లు దిగుతుంటేనే తెలిసిపోయింది. రెండు ఏంజెల్ చేపలూ రాళ్లకు ఒళ్లు రుద్దుకుంటున్నాయి. చిన్న నియాన్ చేపలన్నీ ఒక మూలకు చేరాయి. రెక్కల నిండా తెల్లచుక్కలు. ఏంటిది ఖానుమ్, ఎలా వచ్చింది అని అడిగాడు. తెల్లచుక్కల జబ్బు అన్నాను. మొదటి ప్రశ్నకే జవాబు చెప్పాను.

అదే రోజు, మధ్యాహ్నం 3

ఫిల్టర్‌లోంచి బొగ్గు తీసేశాను, లేకపోతే మందంతా అదే తాగేస్తుంది. హీటర్ ఒక డిగ్రీ పెంచాను. రోజుకు రెండు చొప్పున పెంచుకుంటూ ముప్ఫైకి తేవాలి. వేడినీళ్లలో గాలి నిలవదు కాబట్టి సఖీదాద్ ఎక్కడి నుంచో రెండో ఎయిర్ పంప్ పట్టుకొచ్చాడు. లోచ్ చేపలకు పొలుసులు ఉండవు, వాటి కోసం మందు సగం డోసే వేశాను. నీళ్లు పచ్చగా మారాయి.

ఆ చుక్క ఒక పరాన్నజీవి. అది చేప ఒంటి మీద ఉన్నంతసేపూ ఏ మందూ దాన్ని ఏమీ చేయలేదు. పండి, రాలి, అడుగున రాళ్లలో పగిలి, వందల పిల్లలై మళ్లీ చేపను వెతుక్కుంటూ ఈదేటప్పుడే చావాలి. ఇదంతా సఖీదాద్‌కు వివరంగా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. అయితే రాళ్లు రోజూ కడగాలన్నమాట అన్నాడు. నా క్లాసులో ఇంత త్వరగా అర్థం చేసుకున్నవాళ్లు తక్కువ.

ఫర్వర్దీన్ 21

నియాన్లు ఆరు పోయాయి. ఏంజెల్స్‌లో ఆడది పోయింది.

సఖీదాద్ పైపుతో రాళ్ల అడుగు నీళ్లు లాగి బకెట్లు మోస్తున్నాడు. రోజుకు పన్నెండు. చచ్చిన చేపల్ని పెరట్లో నారింజ చెట్టు కింద పాతిపెట్టాడు. చెట్టు నిండా పూత.

నా చేప నిక్షేపంగా ఉంది. దానికీ ఉప్పునీళ్ల వైద్యం చేశాను. గిన్నెను స్నానాలగదిలోకి మార్చాను. ఎవరైనా టీకి వస్తే కనబడకూడదని.

ఫర్వర్దీన్ 22, శుక్రవారం

ఇవాళ్టిది రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాస్తాను.

ఉదయం లాబీలో మీటింగ్. హూష్మంద్ గారు బిల్డింగ్ మేనేజర్, బ్యాంకులో చేసి రిటైరయ్యారు. కుర్చీలో కూర్చుంటే ఇప్పటికీ ఎదుటివాడి లోను అప్లికేషన్ చూస్తున్నట్టే ఉంటారు. ఫరంగీస్ ఖానుమ్, మా అందరిలో చదువుకున్నది మీరు, మీరే చెప్పండి, ఈ జబ్బు పైకప్పులోంచి ఊడిపడిందా అని అడిగారు. లేదు, బయటి చేప దిగితే తప్ప రాదు అన్నాను.

పూర్తి మార్కులు వచ్చే జవాబు. ఒక్క అక్షరం అబద్ధం లేదు. చెప్పి నోరు మూసుకున్నాను.

తలలన్నీ పార్కింగ్ తలుపు వైపు తిరిగాయి. సఖీదాద్ టీ పళ్లెం పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాడు. రెండో అంతస్తు ఆవిడ గొంతు తగ్గించనైనా తగ్గించకుండా, పండుగ అయ్యింది, చేపను ఎక్కడ పారేయాలో తెలీలేదు, మన నెత్తిన పారేశారు, వీళ్లకు ఎంత చేసినా ఇంతే అంది. సఖీదాద్ పళ్లెం కింద పెట్టి, హూష్మంద్ గారి వైపు తిరిగి, మా పండుగలో చేప ఉండదు ఆగా అన్నాడు. హూష్మంద్ గారు నవ్వారు. మీకూ మాకూ ఒకటే పండుగ, చేప లేకుండా ఎలా ఉంటుందయ్యా అన్నారు. తర్వాత నవ్వు ఆపి, నీ కార్డు రెన్యువల్‌కి నేను ఉత్తరం ఇవ్వాలి కదూ, ఇవ్వాలో వద్దో కాస్త ఆలోచించుకోనీ అన్నారు.

ఆ ఉత్తరం లేకపోతే కార్డు లేదు. కార్డు లేకపోతే గది లేదు, దేశంలో ఉండటానికి లేదు. గుల్‌చెహ్రాకు ఏడో నెల.

నేను టీ తాగాను.

ఫర్వర్దీన్ 23

వాళ్ల పండుగలో చేప ఉండదు. వాళ్లు బల్ల పేర్చరు. ఏడు రకాల ఎండుపళ్లు, గింజలు నీళ్లలో నానబెట్టి, ఆ తియ్యటి రసంతో సహా గిన్నెల్లో పోసి పంచుతారు. ఈ బిల్డింగ్‌లో ఆ సంగతి తెలిసింది నా ఒక్కదానికే. ఎందుకంటే రెండో ఏడాది నుంచీ పండుగనాడు గుల్‌చెహ్రా గిన్నె తెచ్చేది నా ఒక్క ఇంటికే. మిగతావాళ్లు మొదటి ఏడాది తీసుకుని, వాళ్ల చేతి తిండి అని సింకులో పారబోశారు. నేను తిన్నాను. ఈ ఏడూ తిన్నాను. బాదంపప్పులకు ఒక్కొక్కదానికీ తొక్క వలిచి వేస్తుంది.

వాళ్లకు చేప ఉండదు, నేను చూశాను అని ఒక్క మాట అంటే సరిపోయేది. నా తప్పు ఒప్పుకోకపోయినా సరే, వాళ్ల నిజం చెప్పొచ్చు. అది కూడా చెప్పలేదు. చెబితే మరి ఎవరిది అని అడుగుతారని.

టెంపరేచర్ 30. రెండో డోస్ వేశాను.

ఫర్వర్దీన్ 24

హూష్మంద్ గారు ఫోన్ చేశారు. సఖీదాద్ ఒప్పుకున్నాడట. నేనే వేశాను ఆగా, తెలీక చేశాను, మీ పాదధూళిని, క్షమించండి అన్నాడట. పోనీలెండి, చిన్నవాళ్లు తప్పు చేస్తే పెద్దవాళ్లం మనం సర్దుకోవాలి, క్షమించేశాను అన్నారు. చాలా సంతోషంగా ఉన్నారు. చాలా మంచి పని చేశారు అన్నాను.

అన్నాను. అలాగే అన్నాను.

ఫర్వర్దీన్ 26

సఖీదాద్ రాళ్లు కడుగుతున్నప్పుడు అడిగాను, చేయని పని ఎందుకు ఒప్పుకున్నావని. పైపు వైపే చూస్తూ చెప్పాడు. కాదంటే నమ్మరు ఖానుమ్, ఔనంటే క్షమిస్తారు. ఔననడమే తేలిక.

చేయని పని అని నాకెలా తెలుసో అతను అడగలేదు.

నేనే అని చెప్పడానికి నోరు తెరిచాను. హీటర్ ఎంతలో ఉంది అన్నాను. ముప్ఫైలోనే ఉంది ఖానుమ్ అన్నాడు. గుల్‌చెహ్రా ఎదురైతే ఈమధ్య సలాం చెప్పి ఆగడం లేదు, నడుస్తూనే చెబుతోంది.

ఫర్వర్దీన్ 28

రెండు రోజులుగా ఏ చేప ఒంటి మీదా చుక్క లేదు. ఇంకో మూడు రోజులు మందు ఆపకూడదు. కళ్లకు కనబడటం లేదు కదా అని ఆపేస్తే మొదటికొస్తుంది.

ఫర్వర్దీన్ 29, శుక్రవారం

లాబీలో మళ్లీ అందరూ. ఈసారి మిఠాయి డబ్బా, పూలగుత్తి. అక్వేరియంను బతికించినందుకు నాకు సన్మానమట. హూష్మంద్ గారు ప్రసంగం మొదలుపెట్టారు. బకెట్లు మోసినవాడు గోడ పక్కన నిలబడి ఉన్నాడు.

లేచి చెప్పేశాను. సఖీదాద్ కాదు, ఆ చేపను వేసింది నేనే అన్నాను. బతుకులో ఇంత ధైర్యం చేయలేదనుకున్నాను.

హూష్మంద్ గారు గుండె మీద చెయ్యి పెట్టుకుని తల వంచారు. చూశారా, దీన్నండీ మర్యాద అంటారు, ఇంకొకరి తప్పు తన తల మీద వేసుకుంటోంది, వాడి పరువు నిలబెట్టడానికి అన్నారు. రెండో అంతస్తు ఆవిడ కళ్లు తుడుచుకుంది. మా కాలపు మనుషులు ఇలాగే ఉండేవాళ్లు అంది. నిజంగా నేనే, మా ఇంట్లో చేప ఉంది అన్నాను. మీ ఇంట్లో చేపా, పదకొండేళ్లు మాకు పాఠాలు చెప్పిన మీ ఇంట్లోనా, చాల్లెండి ఖానుమ్, ఇంకా మమ్మల్ని సిగ్గుపడేలా చేయకండి అని అందరూ నవ్వారు. హూష్మంద్ గారు సఖీదాద్ వైపు తిరిగి, ఆవిడ చేతులు ముద్దుపెట్టుకోవయ్యా అన్నారు. అతను ముందుకొచ్చి వంగాడు. చేతులు వెనక్కి లాక్కున్నాను. దానికీ మెచ్చుకున్నారు.

లిఫ్ట్ పని చేస్తోంది. మాది మూడో అంతస్తు. గిన్నె తెచ్చి బల్ల మీద పెట్టడానికి రెండు నిమిషాలు చాలు.

కూర్చున్నాను. మిఠాయి ఇచ్చారు. తిన్నాను. చెప్పానుగా, నమ్మకపోతే నేనేం చేయను అని మనసులో ఒక సుఖం కూడా కలిగింది. ఆ సుఖం తలుచుకుంటే నా ముఖం మీద నాకే ఉమ్మేయాలనిపిస్తోంది.

ఫర్వర్దీన్ 30

గిన్నె పట్టుకుని ఉదయమే వాళ్ల గదికి వెళ్లాను. చేప అందులో గిరగిర తిరుగుతోంది. ఇది హూష్మంద్ గారికి చూపించబోతున్నాను, ముందు మీకు చెబుదామని వచ్చాను అన్నాను. సఖీదాద్ గిన్నెను చూశాడు, ఆశ్చర్యపోలేదు. గుల్‌చెహ్రా లోపల నుంచే మాట్లాడింది. ఖానుమ్, మీ మనసు తేలికవడానికి మా మీద ఇంకో బరువు వేయకండి అంది.

సఖీదాద్ ఆమెను ఊరుకోమని, నాకు కుర్చీ వేశాడు. నిన్న మీరు లేచి నిలబడితే నా పై ప్రాణాలు పైనే పోయాయి ఖానుమ్, వాళ్లు మిమ్మల్ని నమ్మితే నేనేమవుతాను, మేనేజర్ ముందు అబద్ధం ఆడినవాణ్ణి అవుతాను, ఉత్తరం మీద ఇంకా సంతకం పడలేదు, క్షమించడం అయిపోయింది, దయచేసి దాన్ని చెడగొట్టకండి అన్నాడు.

మొదటి మీటింగ్‌లోనే చెప్పి ఉంటే నిజానికి విలువ ఉండేది. ఇప్పుడు అది కూడా వాళ్లకే చేటు. చేపను సఖీదాద్ తీసుకున్నాడు. పెరట్లో తొట్టిలో వేస్తానన్నాడు. అది మాదే అనుకుంటారు కదా, ఫరవాలేదు అన్నాడు.

ఒర్దిబెహెష్త్ 2

నెల మారాక, ఉత్తరం మీద సంతకం పెట్టడానికి హూష్మంద్ గారు ఒక షరతు పెట్టారు. అక్వేరియం మీద నోటీసు ఉండాలి, అది నా చేతే రాయించాలి. కాగితం, పెన్ను సఖీదాదే తెచ్చి ఇచ్చాడు. తొందరగా రాసేయండి ఖానుమ్, ఆయన పన్నెండింటికి బయటికి పోతారు అన్నాడు.

బిల్డింగ్ పనివాళ్లు ఈ అక్వేరియంను ముట్టకూడదు అని రాశాను.

సఖీదాద్ టేప్ కోసి అతికించాడు. వెనక్కి జరిగి చూసి, కొంచెం వంకరగా ఉందని తీసి, మళ్లీ తిన్నగా అతికించాడు.