చెవిలో వత్తులు

ధవళేశ్వరం,
ఆదివారం

అనంతు బావకి,

మనిద్దరం అభిమానించే, చెవులు చిల్లులు పడేలా వాయించే ‘ఇనుప లాకులు’ మెటల్ బ్యాండ్‌లో, ఒక్క ఆల్బమైనా రాకముందే మానేసిన పాత సింగరే గొప్పని నువ్వు, కొత్తవాడే గొప్పని నేను పోట్లాడుకుని ఉగాది నుంచి మాటలు మానేశాం. "రాజమండ్రిలో ముందువరసలో నిలబడి పాతవాడి గొంతు విన్నానురా" అన్నావు. నిన్న ఆ కచేరీ వీడియో దొరికింది. ముందువరసలోనే ఉన్నావు, నిజమే. కాకపోతే నీ రెండు చెవుల్లోనూ అత్తయ్య దీపారాధనకి చేసుకున్న వత్తులున్నాయి.

నవ్వుకుంటూ మా చెల్లి సహస్రకి చూపించాను. "పక్కనున్నది నువ్వేగా అన్నయ్యా, నీ చెవుల్లోవేంటి?" అంది. అవీ ఆ రోజు నువ్విచ్చిన వత్తులే బావా.

ఆ పాత సింగర్ మళ్లీ బ్యాండ్‌లో చేరాడట. శనివారం నిడదవోలులో పాడతాడు. వత్తులు ఇంట్లోనే వదిలేసి రా. ఈసారి విని పోట్లాడుకుందాం.

నీ బావమరిది