ఊటల వరస

కొండమీది సిపాయిల ఆసుపత్రి, పఠాన్‌కోట్ దాటి, హిమాలయాల అంచు
11 ఫిబ్రవరి 1945

ప్రేమగల నాయనకు రెడ్డెమ్మ నమస్కారాలు.

నేను క్షేమం. అమ్మ పంపిన రాగిపిండి అందింది. చలికి వేళ్ళు కొంకర్లు పోతుంటే సంగటి కెలుక్కుని తిన్నాను. ప్రాణం లేచివచ్చింది.

ఆడపిల్ల మదనపల్లెలో నర్సు పని నేర్చుకుని అంత దూరం పోయిందేమిటని ఎవరైనా అంటే పట్టించుకోకు. ఇక్కడ ఊపిరితిత్తుల జబ్బుతో ఇరవై మంది సిపాయిలు నా చేతికింద ఉన్నారు. లేచి నడవగలిగినవాళ్ళు ఇద్దరే. అందరూ గుడారాల్లోనే పడుకుంటున్నారు. వానలు దిగేలోగా వాళ్ళకు రాతితో వార్డు కట్టాలి.

అందుకే నీతో పని పడింది. మీ నాయన బావులు తవ్వుతాడటగా, ఏ చోట కట్టాలో ఆయన్నే అడుగు అన్నాడు మా డాక్టరు దొర. చోట్లు రెండున్నాయి. ఒకచోట కొండ అడుగున ఐదు ఊటలు గీత గీసినట్టు ఒకే వరసలో ఉన్నాయి, నీళ్ళకు కొదవ లేదు. రెండోది అరమైలు పైన బయలు. అక్కడ చుక్క నీరు లేదు, మోయించాలి.

ఒకటే భయం. ఇక్కడ నేల అప్పుడప్పుడు అదురుతుంది. మొన్న మందుసీసాలు గలగలమన్నాయి. ఈ కొండలు ఇంకా పెరుగుతున్నాయట, అందుకే ఈ అదురు అంటాడు దొర. ఏ చోటు మంచిదో బాగా ఆలోచించి చెప్పు. గోడ కూలితే నా రోగులు పరిగెత్తలేరు నాయనా.

నీ జాబు కోసం దారి చూసే
నీ బిడ్డ రెడ్డెమ్మ

*

పుంగనూరు
27 ఫిబ్రవరి

చల్లని తల్లి రెడ్డెమ్మకు నాయన బాలప్ప దీవెనలు.

నేను చెప్తాండా, మన పక్కింటి ఘని రాస్తాండాడు. ఒక్క మాట గూడా దిద్దొద్దని వాని చేత ఒట్టు పెట్టించుకున్నా.

కొండలు పెరుగుతాండాయంటనా! పెరిగేదానికి అదేమన్నా గుమ్మడి తీగనా మే? పుట్టినప్పట్నుంచి హార్సిలీకొండను సూస్తాండా, వేలెడు గూడా పెరగలా. చలికి మీ దొరకు మతి పోయినట్టుండాది.

సరే, ఇనుకో. ఊటలు వరసగా ఉండాయంటే కింద నల్లరాయి గోడమాదిరి నిలబడి ఉండాదని గుర్తు. నీళ్ళు దానికి తగులుకొని పైకొస్తాయి. నలభై ఏండ్లలో అరవై బావులు తవ్వినా. ఈ గుర్తు ఒక్కతూరి తప్పలా. నల్లరాయిని మించిన పునాది యాడుండాది? ఏనుగును ఎక్కించినా కదలదు. ఊటల వరస మీదనే కట్టమను. బాలప్ప మాటగా చెప్పు.

మొన్న బి.కొత్తకోటలో ఒక రైతు, ఇంటి ముసలామెను అడక్కుండానే బావి మొదలుపెట్టమన్నాడు. కుదరదు పో అన్నా. ఆమె కొత్త కోడలుగా వచ్చినప్పుడు నీళ్ళు యాడ్నుంచి మోసిందో చెప్పందే నేను గడ్డపార దించేది లేదు. నేల సంగతి కడవ మోసిన నడుముకు తెలిసినట్టు ఇంకెవురికి తెలుస్తాది? ఆమె చూపించిన చోటనే జల పడింది.

మీ అమ్మ కారంపొడి పంపిస్తాండాది. మీ సిపాయిలకు పెట్టొద్దు, దగ్గి సస్తారు.

నీ మంచి కోరే నాయన
బాలప్ప (వేలిముద్ర)

*

కొండమీది ఆసుపత్రి
3 మే

నాయనకు, అమ్మకు రెడ్డెమ్మ నమస్కారాలు.

జాబు రాయడం ఆలస్యమైంది, తిట్టుకోకండి. నీ ఉత్తరం దొరకు చదివి వినిపించాను. గుమ్మడి తీగ మాటకు కడుపుబ్బ నవ్వాడు. మరునాడే ఊటల వరస మీద సున్నంతో గీతలు పోయించాడు.

ఇప్పుడు వార్డు పూర్తయింది. కప్పు పడింది, ఇరవై మంచాలు వేశాం. మన కలికిరి సిపాయి మునిస్వామి తెలుగు మాట వినడానికే నన్ను రోజుకు పదిసార్లు పిలుస్తాడు. అమ్మ కారంపొడి కొంచెం పెట్టాను. దగ్గాడు, చావలేదు, మళ్ళీ అడిగాడు.

వార్డు సంగతిలో నీకొక మాట చెప్పాలి. రాస్తే నీకు కోపం వస్తుంది. సెలవు దొరికినప్పుడు వచ్చి ఎదురుగా కూర్చుని చెబుతాను. అంతవరకు అడగొద్దు.

నీ ముద్దుల, మొండి బిడ్డ
రెడ్డెమ్మ

*

కుప్పం
12 జూన్

అమ్మా రెడ్డెమ్మా, ఈ జాబు అందిన గడియలోనే చదువు. క్షేమాలు తర్వాత.

నేను నీకు తప్పు చెప్పినా.

ఈడ కుప్పంలో బావి పనికొచ్చినా. వరసగా మూడు ఊటబావులుండాయి. నాలుగోది అదే వరసలో మొదలుపెట్టి, కింద నల్లరాయి తగుల్తాది సూడండని అందరికీ చెప్పినా. ఇరవై అడుగులు దిగినా. నల్లరాయి లేదు. రాతిపిండి ఉండాది తల్లీ! రెండు పక్కలా గట్టిరాయి, నడుమ మూడడుగుల మందాన తిరగల్లో ఇసిరినట్టు పిండి. గోటితో గీరితే రాలింది.

ఊటల వరస కింద నల్లరాయే ఉండాలని లేదు. నేల తెగిన గీత గూడా ఉండొచ్చు. ఆ గీతకాడ రెండు పక్కల రాయీ ఒకదాన్నొకటి ఒరుసుకొని పిండి అయింది. మన దగ్గర ఆ ఒరుసుకోవడం ఏ కాలంలోనో ఆగిపోయింది. మీ ఆడ నేల ఇంకా అదురుతాండాది అన్నావు గదా, అంటే ఆ తిరగలి ఇంకా తిరుగుతాండాది. దాని నోట్లో నేనే నిన్ను కూర్చోబెట్టినా.

మంచాలన్నీ బయటికి తీయించు. వానలో తడిసినా గుడారాలే మేలు. దొర ఒప్పుకోకపోతే, మా నాయనకు ఏమీ తెలీదు, వట్టి కోతలరాయుడు అని చెప్పు. నాకేం సిగ్గు లేదు. తంతి గూడా ఇచ్చినా.

నాయన

అమ్మా రెడ్డెమ్మా, నేను ఘని మామను. చింతపండు బేరానికి కుప్పం వస్తే మీ నాయన ఎదురుపడినాడు. తప్పు చేసినానని ఆయన నోట వినడం ముప్పై ఏండ్లలో ఇదే మొదలు. బావిలోనుంచి ఒంటిమీద మట్టితోనే స్టేషనుకు నడిచినాడు. తంతి కిటికీ కాడ ఏడ్చినాడమ్మా. వెంటనే జవాబు రాయి.

*

కొండమీది ఆసుపత్రి
24 జూన్

నాయనా, ముందు ఈ మాట విను. అందరం బతికి ఉన్నాం. ఇరవై మందీ ఉన్నారు, నేనూ ఉన్నాను.

మంగళవారం మధ్యాహ్నం పెద్ద భూకంపం వచ్చింది. నీ తంతి యుద్ధం తంతుల వెనక ఎక్కడో ఆగిపోయి ఆ తర్వాత మూడు రోజులకు వచ్చింది, జాబు ఈ రోజే వచ్చింది. నువ్వు ఇన్నాళ్ళూ ఎంత నలిగిపోయి ఉంటావో తలచుకుంటే నా మీద నాకే కోపంగా ఉంది. ఆ మాట మేలోనే రాసి ఉండాల్సింది.

వార్డు ఊటల వరస మీద లేదు.

సున్నం గీతలు పోసిన సాయంత్రం నీ జాబు మళ్ళీ చదువుకున్నాను. ముసలామెను అడగందే గడ్డపార దించనని నువ్వే రాశావు. మరి ఇక్కడ మనం ఎవరిని అడిగాం? కింది పల్లెలో బిమ్లో అనే ముసలామె ఉంది. ఘని మామ ఇంట్లో నేర్చుకున్న ఉర్దూతో ఆమెను పలకరించాను. నా మాటతీరుకు పగలబడి నవ్వింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని చేనికి తీసుకుపోయింది.

నలభై ఏళ్ళ కిందట ఆమె కొత్త కోడలుగా ఉన్నప్పుడు పెద్ద భూకంపం వచ్చిందట. అంతకుముందు వాళ్ళు నీళ్ళు ముంచుకున్న చెలమ ఆ పొద్దున ఎండిపోయి, ఈ వరసలో కొత్త ఊటలు పుట్టాయట. ఒకటిగా ఉన్న చేను ఆ వరస దగ్గర తెగి, పైభాగం మూరెడు లేచిందట. ఆ గట్టు ఇప్పటికీ ఉంది. నేను ఎక్కి దిగాను. రాతి ఇల్లు కూలి ఆమె అత్త, ఆడబిడ్డ చనిపోయారు.

నువ్వు చెప్పిన నల్లరాయే కింద ఉంటే నేల అలా లేవదు కదా? దొరను పిలుచుకుపోయి ఆ గట్టు చూపించాను. వార్డు పై బయలుకు మారింది. బిమ్లో చెప్పినట్టు రాతి వరసల నడుమ దేవదారు దుంగలు పెట్టించాం. నీళ్ళు కంచరగాడిదల మీద వస్తున్నాయి. చెంబెడు నీళ్ళకు కూడా లెక్క పెడుతున్నానని సిపాయిలు నన్ను తిట్టని రోజు లేదు. నీ మాట కాదన్నానని రాయడానికి నాకు చెయ్యి రాలేదు.

భూకంపం వచ్చినప్పుడు గంజి పోస్తున్నాను. మునిస్వామి "అక్కా, నన్ను పట్టుకో!" అని అరిచాడు. మంచం పట్టుకుని నేల మీద కూర్చుండిపోయాను. దుంగలు కిర్రుకిర్రుమన్నాయి, గోడలు ఊగాయి, నిలబడ్డాయి. సున్నం పోసిన చోట దొర సామాన్ల గది ఒకటి కట్టించాడు. అది కుప్పకూలింది. లోపల ఎవరూ లేరు. దాని కింద నేల జానెడు లేచింది.

నేను నీ మాట వినలేదనుకోకు నాయనా. నువ్వు రాసిన రెండు మాటల్లో రెండోది విన్నాను. ఇప్పుడు సిపాయిలు నీళ్ళ గురించి ఒక్క మాట అనడం లేదు.

కోపం ఉంటే జాబులోనే తిట్టు, చదువుకుంటాను.
రెడ్డెమ్మ

*

కుప్పం
8 జూలై

నన్ను మించిన నా బిడ్డకు నాయన దీవెనలు.

నీ జాబు ఘని పుంగనూరు నుంచి తెచ్చి మూడుతూర్లు చదివినాడు. సంగతి తెలిసి మీ అమ్మ, నా బిడ్డ మొగునికన్నా మేలని వీధంతా చాటిందంట. మేలే, కాదన్నదెవురు? నాకు కోపం యాల వస్తాది? ఈ ఇరవై ఐదు దినాలు సంగటి ముద్ద సరిగ్గా గొంతు దిగలా. నిన్న మూడు ముద్దలు తిన్నా.

కొండలు పెరుగుతాండాయని ఒప్పుకుంటాండా. పెరిగే బిడ్డ పక్కలో కాళ్ళు తన్నుకుంటాది గదా. దొరకు నా దండం చెప్పు. ఆ బిమ్లోకు మీ అమ్మ చీర పంపిస్తాండాది. దాంట్లో సగం నా తరపున అని చెప్పు.

ఈడ బావిలో నీళ్ళు బాగానే ఊరుతాండాయి. ఆ పిండిరాతిలో బావి దరి కూలకుండా నిలుస్తాదో లేదో నాకు తెలీదు. రైతు తొందరపెడ్తాండాడు. "నీకే తెలీకపోతే ఇంకెవురికి తెలుసప్పా?" అన్నాడు. అడగాల్సిన మనిషి ఉత్తరాన కొండల్లో ఉండాది, ఆమె సెలవుకొచ్చి సూసిందాకా నేను గడ్డపార దించనని చెప్పి గట్టున కూర్చున్నా.

ఎప్పుడొస్తావో రాయి తల్లీ.

బాలప్ప (వేలిముద్ర)