మైనస్ పెట్టని ఆకాశం

ఫిబ్రవరి 11, మంగళవారం

పద్దెనిమిది షాట్లు అప్రూవ్ అయ్యాయి. కేక్ తెచ్చారు. ఎగ్‌లెస్. దాని మీద క్రీముతో పడవ వేయించారు. కోయగానే మునిగిపోయింది. నేను ఒక ముక్క తిని మళ్ళీ సీట్లో కూర్చున్నాను.

ఈ యానిమేషన్ సినిమా పేరు ఇక్కడ కూడా రాయను. ఏదీ బయటపెట్టనని రాసిచ్చే ఎన్‌డీఏ మీద సంతకం పెట్టేటప్పుడు డైరీకి మినహాయింపు ఉందా అని అడగలేదు. ఆఫీసులో దాని కోడ్ పేరు కోకోనట్. కోకోనట్ త్రీ అంటే మూడో భాగం. పసిఫిక్ మహాసముద్రంలో దీవులు, జంట పడవలో ఇద్దరు అక్కాచెల్లెళ్ళు, గాలులన్నిటినీ సొరకాయ బుర్రలో పెట్టి బిరడా బిగించిన దేవుడు. దిక్సూచి లేదు, మ్యాపు లేదు. చుక్కల్ని చూసుకుంటూ పోతారు. ఆ చుక్కల్ని పెట్టేది లైటింగ్ లీడ్‌నైన నేను. రాయదుర్గం మెట్రో స్టేషన్ దగ్గర, ఆరో అంతస్తులో, పగలు కూడా బ్లైండ్స్ దించి ఉంచే గదిలో.

మా బుజ్జికి ఆ సినిమా రెండో భాగం బొమ్మలున్న టిఫిన్ డబ్బా ఉంది, చెప్పులున్నాయి, సబ్బు కూడా ఉంది. వాళ్ళమ్మ దానికి పనిచేస్తుందంటే మాత్రం నమ్మదు. నమ్మకపోవడమే నయం. బళ్ళో చెప్తే నా ఉద్యోగం పోతుంది.

ఫిబ్రవరి 13

మెడ నొప్పి. జోసెఫ్ దిండు మార్చమంటున్నాడు. ఉద్యోగం మార్చమని మాత్రం మా ఆయన నోట రాదు.

ఫిబ్రవరి 16, ఆదివారం

మౌనిక పెళ్ళి. మా టీమ్ కోఆర్డినేటర్. మణికొండలో ఫంక్షన్ హాలు, పార్కింగ్ దొరికేసరికి తాళి కట్టడం అయిపోయింది. పంతులు ఇద్దర్నీ బయటికి తీసుకొచ్చి, మిట్టమధ్యాహ్నం ఎండలో ఆకాశం వైపు వేలు చూపించి, అరుంధతి కనబడిందా అని అడిగాడు. పెళ్ళికొడుకు కనబడిందన్నాడు. ఆ వేలు చివర ఉన్నది ఎవరిదో అపార్ట్‌మెంట్ వాటర్ ట్యాంకు. మౌనిక కూడా కనబడిందనే అంది.

మాది చర్చి పెళ్ళి. ఈ తంతు ఇంత దగ్గరగా చూడటం ఇదే. అసలు ఆ చుక్క ఎక్కడుంటుందని భోజనాల దగ్గర లింగన్నను అడిగాను.

లింగన్న అంటే లింగమూర్తి. మా ఫ్లోర్‌లో అందరికంటే పెద్దవాడు, నలభై ఆరేళ్ళు. ఒకప్పుడు బాలానగర్‌లో సినిమా బ్యానర్లు గీసేవాడు. ఫ్లెక్సీలు వచ్చి ఆ పని పోయాక, ముప్పై దాటిన వయసులో మౌస్ పట్టుకోవడం నేర్చుకున్నాడు. మూడేళ్ళుగా నా పక్క సీటు. మబ్బులు ఆయనవి, చుక్కలు నావి. ఆయనది ఆరు నెలలకోసారి రెన్యూ చేసే కాంట్రాక్టు. ఈసారిది 28తో అయిపోతుంది. మళ్ళీ ఇస్తారా లేదా అని నెల రోజులుగా హెచ్‌ఆర్ చుట్టూ తిరుగుతున్నాడు. నలభై ఆరేళ్ళ ఆర్టిస్టును ఇంకో స్టూడియో తీసుకోదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, హెచ్‌ఆర్‌కీ తెలుసు.

పేపర్ నాప్కిన్ మీద పెన్నుతో ఏడు చుక్కలు పెట్టాడు. గరిటె లెక్క ఉంటది చూడు చెల్లె, సప్తర్షులంటరు, కాడ నడుమ వశిష్ఠుడు, ఆయన పక్కనే జర సన్నగ అరుంధతి అన్నాడు. గరిటె గిన్నె చివరి రెండు చుక్కల్ని కలిపి గీత లాగి, గీ గీత పోయి తగిలేది ధ్రువునికి, గాయన కదలడు, అటే ఉత్తరం అన్నాడు. నాప్కిన్‌కి పప్పు అంటింది. అయినా హ్యాండ్‌బ్యాగులో పెట్టుకొచ్చాను.

ఫిబ్రవరి 17, సోమవారం, ఉదయం 11

షాట్ నంబర్ తొమ్మిది. చెల్లెలు పడవ ముందు నిలబడి ఉంటుంది. ఆమె తల పైన గరిటె. ఏడు చుక్కలూ ఉన్నాయి. నాప్కిన్ పక్కన పెట్టుకుని స్క్రీన్ మీద స్కేలుతో గీత లాగాను. నీళ్ళకి కాస్త ఎత్తులో ధ్రువుడు తగిలాడు.

భూమధ్యరేఖకి దక్షిణాన ఉన్నవాళ్ళకి ధ్రువ నక్షత్రం కనబడదట. మూడు చోట్ల చదివాను. మూడు చోట్లా అదే ఉంది.

మధ్యాహ్నం 1

దొరికింది. సినిమా తీసే క్లయింట్ ఇచ్చిన కాగితంలో అక్షాంశం 17.5 సౌత్ అని ఉంది. మా స్కై టూల్‌లో దక్షిణమైతే అంకె ముందు మైనస్ పెట్టాలి. నేను పెట్టలేదు. నవంబర్ 6, వెర్షన్ త్రీ, నా పేరుతోనే సేవ్ అయి ఉంది.

17.5 నార్త్ మీద ఏ ఊరుందో చూశాను. ఇంచుమించు మన హైదరాబాదే. మూడు నెలలుగా ఆ పిల్లలిద్దరూ పసిఫిక్ సముద్రంలో మేముండే పుప్పాలగూడ ఆకాశం కింద తెడ్లు వేస్తున్నారు. ఇన్ని వందలమంది చూశారు, ఒక్కరికీ తెలియలేదు. హైటెక్ సిటీలో చుక్కలు చూసినవాడెవడు? ముందు నవ్వొచ్చింది. తర్వాత వాష్‌రూమ్‌కి వెళ్ళి ఏడ్చాను.

ఫిబ్రవరి 18

సురేంద్ర గారికి చెప్పాను. మా సూపర్‌వైజర్. కాకినాడ మనిషి, కోపం వచ్చినా అండి వదలడు. అప్రూవ్ అయిపోయిన షాట్లండి, ఐదేళ్ళ పిల్లలు చూసే సినిమాలో చుక్కలు ఎవడు లెక్కెడతాడండి, ముందు మీరెళ్ళి పడుకోండి, కళ్ళు చూసుకున్నారా అన్నాడు.

నిజం రాస్తున్నాను. నాకు ప్రాణం లేచొచ్చింది. వదిలెయ్యమని ఎవరైనా అంటే బాగుండునని పొద్దుట్నుంచీ చూస్తున్నాను. వదిలేశాను.

ఫిబ్రవరి 19

హాయిగా నిద్రపట్టింది. సిగ్గులేదు నాకు.

ఫిబ్రవరి 24, సోమవారం

ఉదయం ఎనిమిదిన్నరకి క్లయింట్‌తో వీడియో కాల్. ఈసారి ఆ దీవుల నుంచి ఒక పెద్దాయన కూడా చేరాడు. చేతిలో ఏ పరికరమూ లేకుండా నిజంగానే సముద్రాలు దాటే మనిషి. చుక్కలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడటానికి క్లయింట్ పిలిపించాడు. అప్రూవ్ చేశాక పిలిపించడమేమిటో వాళ్ళకే తెలియాలి.

తొమ్మిదో షాట్ దగ్గర ఆపమన్నాడు. చెయ్యి బారుగా చాచి, అరచేతిని తెర వైపు పెట్టి, వేళ్ళతో ఏదో కొలిచాడు. ధ్రువుడు నీళ్ళకి ఎంత ఎత్తున ఉన్నాడోనని. ఆ చుక్క మా దగ్గర ఎప్పుడూ సముద్రం కిందే ఉంటుంది అన్నాడు. కోప్పడలేదు. మేం భూమధ్యరేఖకి ఇటు ఎంత దూరమో, అటు దాదాపు అంతే దూరంలో ఉన్నవాళ్ళ ఆకాశం ఇది అన్నాడు. అక్కడ ఎవరుంటారు అని అడిగాడు.

పదమూడేళ్ళుగా ఈ పని చేస్తున్నాను, మేమెక్కడుంటామో ఏ క్లయింటూ అడగలేదు. కాగితాల్లో మా పేరు వెండర్ బి.

ఎవరూ జవాబు చెప్పకముందే సురేంద్ర గారు అందుకున్నాడు. స్కై డిపార్ట్‌మెంటులో ఒక కాంట్రాక్ట్ ఆర్టిస్టు వల్ల జరిగిన పొరపాటు, అతని మీద యాక్షన్ తీసుకుంటున్నాం అన్నాడు. స్కై డిపార్ట్‌మెంటంటే ఇద్దరం. అందులో కాంట్రాక్టు ఒక్కరే.

నా మైకు మ్యూట్‌లో ఉంది. వేలు ఆ బటన్ మీదే ఉంది. ఇంకో ఇరవై నిమిషాలు కాల్ నడిచింది. వేలు అక్కడే ఉంది. నొక్కలేదు.

ఫిబ్రవరి 25

హెచ్‌ఆర్ లింగన్నకి చెప్పేసింది. 28 ఆఖరి రోజు.

కింద టీ కొట్టు దగ్గర పక్కన నిలబడ్డాను. ఆ నంబర్ నేను పెట్టిందే అన్నా అన్నాను. తెలుసు చెల్లె, ఫైల్ మీద నీ పేరుంటది గద అన్నాడు. నాకు మొదటి దినమే కనవడ్డది, ధ్రువుడు ఈడికెట్ల వచ్చిండు అనుకున్న, కాంట్రాక్టోళ్ళు తప్పులు జూపెట్టి నోట్స్ ఇయ్యొద్దని మెయిల్ పెట్టిండ్రు గద, నాకెందుకు లొల్లి అని మబ్బులు గీసుకున్న అన్నాడు.

ఆ మెయిల్ టీముకి ఫార్వర్డ్ చేసింది నేనే.

టీ తాగేదాకా ఇద్దరం రోడ్డు మీద క్యాబుల్ని చూస్తూ నిలబడ్డాం. నువ్వు చెప్తవా అని ఆయన అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

ఫిబ్రవరి 26, శివరాత్రి

క్లయింట్‌కి శివరాత్రి లేదు కాబట్టి మాకూ లేదు. లింగన్న ఉపవాసంతో మబ్బులు గీస్తున్నాడు. ఎల్లుండి పోయే మనిషికి అంత శ్రద్ధ దేనికని కోపం వచ్చింది. తప్పు నాది, కోపం ఆయన మీద. అత్త మీద కోపం దుత్త మీద అంటే ఇదే.

తప్పు నాదేనని మెయిల్ రాశాను. డ్రాఫ్ట్స్‌లో ఉంది.

ఫిబ్రవరి 27

డ్రాఫ్ట్స్‌లోనే ఉంది.

ఫిబ్రవరి 28, శుక్రవారం

ఉదయం మళ్ళీ కాల్. పెద్దాయన ఉన్నాడు. సురేంద్ర గారు రీవర్క్ ప్లాన్ చూపిస్తున్నాడు, స్లైడ్‌లో ‘రూట్ కాజ్’ అని ఉంది, దాని కింద లింగన్న పేరు కూడా కాదు, కాంట్రాక్ట్ రిసోర్స్ అని ఉంది. మ్యూట్ తీశాను.

ఆ నంబర్ పెట్టింది నేను, నా పేరు లీదియా, లైటింగ్ లీడ్‌ని, లింగమూర్తి గారికి దీంతో సంబంధం లేదు అన్నాను. ఇంగ్లీషులోనే చెప్పాను. మీరు మొన్న అడిగిన చోటు పేరు హైదరాబాద్ అని కూడా చెప్పాను. ఆ చుక్క అక్కడి నుంచి బాగా కనబడుతుందా అని పెద్దాయన అడిగాడు. ఇక్కడ లైట్లెక్కువ, నేనెప్పుడూ చూడలేదు అన్నాను. అయ్యో అన్నట్టు తల ఊపాడు. చెప్పినందుకు థాంక్స్ అన్నాడు.

పదకొండు గంటలకి నన్ను లీడ్ పోస్టు నుంచి తీసేశారు. నన్ను అబద్ధాలకోరుని చేశారండి అన్నాడు సురేంద్ర గారు. నేను చెయ్యక్కర్లేదు అనుకున్నాను, పైకి అనలేదు. ఎనిమిది వారాల రీవర్క్. మబ్బులకి మనిషి కావాలి కాబట్టి లింగన్నకి ఎనిమిది వారాలు పొడిగిస్తామని హెచ్‌ఆర్ ఒప్పుకుంది.

ఆ మాట చెప్పడానికి దాదాపు పరిగెత్తాను. ఆయన డ్రాయరు ఖాళీ చేసి గుడ్డసంచిలో సర్దుకుంటున్నాడు. సంతోషిస్తాడనుకున్నాను.

నాలుగు దినాలు ఊకున్నవు చెల్లె అన్నాడు. ఇంట్ల చెప్పలేక సచ్చిన, నిన్న చెప్తే మీ వదిన చంద్రమ్మ అన్నం ముట్టలే, ఇయ్యాల పొద్దుగాల బాలానగర్ పోయి బాలనర్సయ్య షెడ్డుల బోర్డులు రాసే పని ఒప్పుకున్న, సోమారం నుంచి వస్తనని మాటిచ్చిన అన్నాడు. ఇగ ఎనిమిది వారాలైనంక మళ్ళ ఎవని కాళ్ళు పట్టుకోవాలె అన్నాడు. నువ్వు మొన్న సోమారమే నోరిప్పి ఉంటే ఉండేటోన్ని అన్నాడు.

గొంతు పెంచలేదు. ఐడీ కార్డు సెక్యూరిటీ టేబుల్ మీద పెట్టి లిఫ్ట్ ఎక్కాడు. చెల్లె అని ఇంకోసారి అంటాడేమోనని చూశాను.

మార్చి 6

మైనస్ పెట్టాను. చుక్కలన్నీ మారాయి. మబ్బులు ఒక్కరికీ కుదరడం లేదు, దూది అతికించినట్టున్నాయి. ఆయన వదిలి వెళ్ళిన పాతవే వాడుతున్నాం.

ఏప్రిల్ 25, మధ్యాహ్నం 3.10

రీవర్క్ అయిపోయింది. సినిమా చివర పడే పేర్ల కోసం క్రెడిట్స్ ఫారం వచ్చింది. స్కైకి ఒకటే లైను, ఒకటే పేరు. లింగమూర్తి అని కొట్టాను. ఇంటిపేరు లేకుండా ఫారం ముందుకు కదలడం లేదు. హెచ్‌ఆర్ లిస్టులో ఆయన లేడు. నా ఫోన్లో ‘లింగన్న స్కై’ అని ఉంది.

మూడేళ్ళు పక్క సీటు. ఇంటిపేరు తెలియదు.

ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఆరింటికి ఫారం మూసేస్తారు.

బాలానగర్ వెళ్తున్నాను. ఆ షెడ్డు ఏ గల్లీలో ఉందో కూడా తెలియదు.