తక్కెడ చేతులు

బుధవారం, రాత్రి

సరళ యంత్రాల పోటీలో మీటగా చూపిద్దామని మా దుకాణంలోని పాత తక్కెడ అడిగాను. నాన్న వద్దన్నాడు, కొత్తది కొనిస్తానన్నాడు. పెన్సిలు అడిగితేనే పది ప్రశ్నలు వేసే మనిషి!

అందుకే ఆయన భోజనానికి వెళ్లినప్పుడు స్కేలుతో కొలిచాను. ఎడమ చెయ్యి అర సెంటీమీటరు పొడుగుంది. అటు వేసిన సరుకు కాస్త తక్కువైనా రాళ్లతో సరితూగుతుంది. పాతబడి వంగిందేమో. చార్టులో రెండు చేతులూ సమానమని ముందే రాసేశాను, ఇప్పుడెలా?

బెల్లం ముక్క కుడి పళ్లెంలో పెట్టి చూస్తుంటే నాన్న వచ్చేశాడు.

"అటేపు ఎట్టకు. సరుకెప్పుడూ ఎడమేపే ఎట్టాల."

"ఏటి నాన్నా, రెండేపులా ఒకటే కదా?"

"నీకెందుకే? ఎల్లి సదువుకో."

వెళ్లలేదు. బస్తా మీద కూర్చుని చదువుతున్నట్టు నటించాను. కొనడానికి వచ్చినవాళ్లందరికీ పప్పు, పంచదార ఎడమ పళ్లెంలోనే తూచాడు. అలవాటేమోలే అనుకున్నాను.

చీకటి పడే ముందు కొడల అనే ఊరి నుంచి ఒకామె చింతపండు అమ్మడానికి తెచ్చింది. ఒడియాలో ఆమె పిల్లల క్షేమం అడుగుతూనే, నాన్న ఆ చింతపండుని కుడి పళ్లెంలో వేశాడు.