స్కూటర్ తాళం చప్పుడు

అక్కా, లేవగానే బుడ్డోణ్ణి కుక్కల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు, ఫోన్ చేసి చెప్పాను. మెట్లు దిగనివ్వకు, ఎత్తుకునే దింపు. కింద నడిపిస్తే పొట్ట కింద తువ్వాలు వేసి పట్టుకో.

మోకాల్లో తెగిన లిగమెంటుకి ఆపరేషనై వారం కాలేదు, గెంతనివ్వొద్దని నాకే కదా చెప్పారు. ఇందాక అలవాటు కొద్దీ స్కూటర్ తాళం గలగలమనిపించాను. షికారనుకుని ఒక్క ఉదుటున గెంతి, కుయ్యోమని కూలబడ్డాడు.

నిన్న నువ్వు వాణ్ణి సోఫా ఎక్కించావని ఇల్లు పీకి పందిరేసింది నేనే. ఇప్పుడు నిన్ను లేపే మొహం లేక షిఫ్టుకి వెళ్లిపోతున్నాను.

తాళం చప్పుడవకుండా రుమాల్లో చుట్టి నీ దిండు పక్కన పెట్టాను. నేను నడిచే వెళ్తాను.

గుమ్మం దాకా కుంటుకుంటూ వచ్చి నా చెయ్యి నాకాడక్కా. కరిచినా బాగుండేది.