కాయ లేవని చోట

అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున కొత్తగూడలో మన చెలకలో బోరు వేయించాం. బండ పక్కనే వేయించాం. నీళ్లు పడ్డాయి.

ఆ బండ నీకు గుర్తుండే ఉంటుంది. కరువొచ్చిన ఏడు బావి తవ్వించాలని నీళ్లు చూసే ఆయన్ని పిలిపించావు. ఆయన అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చెలకంతా తిరిగాడు. కాయ నిటారుగా లేస్తే కింద నీళ్లున్నట్టు. తుమ్మచెట్టు దగ్గర లేచింది, బండ పక్కన లేవలేదు. లేచిన చోట తవ్వితే నీళ్లొచ్చాయి. అందరూ ఆయన కాళ్లు మొక్కారు.

నేను మాత్రం, "అన్నా, లేవని చోట గూడ తవ్వి చూస్తేనే గద తెలిసేది?" అన్నాను. ఆ ప్రశ్న నాది కాదు. బడిలో సైన్సు చెప్పే నువ్వే నాకు నూరిపోసింది.

"నోరు మూస్కో. బళ్ల ముచ్చట బళ్లనే," అన్నావు అందరి ముందూ.

నువ్వు కాయని నమ్మి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. నమ్మలేదని నీ మొహమే చెప్పింది.

ఈ ఎండాకాలం ఆ బావి ఎండిపోయింది. వదినెను ఒప్పించి బండ దగ్గర బోరు వేయించింది నేనే. నీళ్లు ఎగజిమ్మగానే, ఇప్పుడైనా ఎవరో ఒకరు కాయ మాట ఎత్తుతారని చూశాను. వదినె కళ్లు తుడుచుకుంటూ, "మీ అన్ననే నీతోని జాగ చూపిచ్చిండు," అంది. అందరూ అవునన్నారు.

ఇది తప్పని ఎక్కడ తవ్వి చూపించను?

నీ ఫోటో ముందు కొబ్బరికాయ కొట్టారు. ఒక ముక్క నా అరచేతిలోనూ పెట్టారు.